ఆఖరి బస్సు, ఆఖరి గోలు

ఎకనామిక్స్ లెక్చరర్‌గా కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "స్టాటిస్టిక్స్ అంటె పిల్లలు క్లాసుల ఉంటలేరు మేడం, మీరు ఎట్ల చెప్పిండ్రు?" అని అడిగింది. మా కాలంలోనూ ఉండేవాళ్లు కాదమ్మా. కాకపోతే మా పిల్లలు పారిపోయి నేరుగా ఫుట్‌బాల్ గ్రౌండుకు పోయేవాళ్లు, వాళ్ల వెనకాలే నేనూ పోయాను. ముప్ఫై ఏళ్ల కొలువులో చెప్పుకోదగ్గదంతా ఆ పోవడంలోనే ఉంది. మిగతాది హాజరు వేయడం, పేపర్లు దిద్దడం, ఇంక్రిమెంటు ఎందుకు రాలేదని క్లర్కు చుట్టూ తిరగడం. అది చెబితే ఆ అమ్మాయి కూడా పారిపోతుంది.

ముందే ఒక మాట. నేను ఈ జన్మలో బంతిని తన్నలేదు. మాది బిజినేపల్లి దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు. ఆడపిల్ల కాలితో తన్నడానికి మా ఇంట్లో గేదె పాల తపేలా తప్ప వేరే వస్తువు లేదు, అదీ పొరపాటునే.

నాకు అంటగట్టిన ఆట

ఎనభైల నడుమ గద్వాలలో ఒక కాలేజీలో పనిచేసేదాన్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఈ మూడు ఊళ్ల కాలేజీల కుర్రాళ్లు శనివారం సాయంత్రాలు ఒకరి ఊరికి ఒకరు పోయి ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్లు. ప్రతి కాలేజీకి ఆటలు చూసుకునే పీడీ సారు ఒకరు ఉండేవారు. మా పీడీ అనంతయ్య గారు మనిషి వెన్న, మీసం మాత్రం పోలీసుది. జట్టు ఓడిపోతే అన్నం మానేసేవారు. మా జట్టు ఆడే తీరుకు ఆయన సన్నగానే ఉండేవారు.

స్టాటిస్టిక్స్ పాఠంలో ఉదాహరణలు ఇంగ్లండులో గోధుమల దిగుబడి మీద ఉండేవి. మా పిల్లల్లో గోధుమ చేను చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేసి, "మొన్న శనివారం వనపర్తిలో మనం ఎందుకు ఓడిపోయాం?" అని అడిగాను. క్లాసంతా ఒకేసారి మాట్లాడింది. ఆ ఏడాదిలో వాళ్లు నోరు విప్పడం అదే మొదలు. అప్పటి నుంచి మా లెక్కల్లో గోధుమలు పోయి గోల్స్ వచ్చాయి.

"గోల్ ఎప్పుడు పడిందో రాసుకొని రండి" అని పంపాను. బ్రహ్మాండంగా రాసుకొచ్చారు. గోల్ పడినప్పుడు మాత్రమే రాశారు. పడని శనివారాల ఊసే లేదు. "పడలేదు గద మేడం, ఏం రాయాలె?" అన్నారు. పడనిది కూడా రాయాలి నాయనా అని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పే పెద్ద సంగతి ఇదే. జరిగినదాన్ని అందరూ చూస్తారు. జరగనిదాన్ని చూసేందుకే మనకు జీతం.

ప్రిన్సిపాల్ గారి తిట్ల సిద్ధాంతం

మా ప్రిన్సిపాల్ గారికి కూడా ఒక శాస్త్రం ఉండేది. జట్టు బాగా గెలిస్తే సోమవారం ఆయన కుర్రాళ్లకు మిఠాయి తెప్పించేవారు. ఆ వారం ఓడిపోయేవాళ్లు. చిత్తుగా ఓడితే సోమవారం వరసగా నిలబెట్టి తాతముత్తాతలతో సహా తిట్టేవారు. ఆ వారం కొంచెం నయంగా ఆడేవాళ్లు.

"సూసినవామ్మా, మిఠాయి పెడితె చెడిపోతుండ్రు, తిడితె బాగుపడుతుండ్రు. ఇది నీ పుస్తకంల ఉన్నదా?" అన్నారొకసారి, గర్వంగా.

"ఉంది సార్. మా నాయిన కూడా ఇట్లనే విత్తనం మారుస్తుండె" అన్నాను.

మా నాయన జొన్న బాగా పండిన ఏడాది విత్తనాన్ని నెత్తిన పెట్టుకునేవాడు. మరుసటేడు మామూలుగా పండితే విత్తనం మోసం చేసిందనేవాడు. ఘోరంగా పోయిన ఏడాది విత్తనం మార్చేవాడు, తర్వాత ఏడాది మామూలుగా పండితే కొత్త విత్తనం గొప్పదనేవాడు. విత్తనం పాపం ఏమీ ఎరగదు. మరీ మంచి ఏడాది తర్వాతా, మరీ చెడ్డ ఏడాది తర్వాతా వచ్చేది ఎక్కువసార్లు మామూలు ఏడాదే. ఆటా అంతే. ప్రిన్సిపాల్ గారు తిట్టకపోయినా కుర్రాళ్లు నయమయ్యేవాళ్లు.

ఇదంతా ఓపికగా విని ఆయన, "అయితె మిఠాయి బంజేస్త" అన్నారు. తిట్లు మాత్రం ఆపలేదు. పై అధికారికి స్టాటిస్టిక్స్ చెబితే తనకు పనికొచ్చే సగం తీసుకుంటాడని ఆ రోజు నేర్చుకున్నాను.

గుంతలో కాళ్లు

మా గోల్‌కీపర్ పేరు నర్సింలు. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్లవాడు. అందరూ వాణ్ని 'ఆఖరి పావుగంట' అని పిలిచేవాళ్లు. వనపర్తిలోగానీ నాగర్‌కర్నూలులోగానీ మ్యాచ్ అయితే ముప్పావు ఆట దాకా వాడు గోడలా నిలబడేవాడు. చివరి పావుగంటలో ఒకటో రెండో గోల్స్ పడేవి, గెలిచే ఆట పోయేది.

కారణం ఊరందరికీ తెలుసు. నేతగాళ్లు మగ్గం కింద గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటారు కదా, పొద్దస్తమానం కూర్చుని కాళ్లు పట్టుకుపోతాయట.

"మొదలు బాగనె ఎగురుతడు మేడం. ఆనెంక గుంతల కూసున్న కాళ్లు యాదికొస్తయి" అన్నారు అనంతయ్య సారు. ఆయన వాడికి నువ్వుల నూనెతో మర్దన చేయించారు, అరటిపళ్లు తినిపించారు. వాడి కాళ్లు నిగనిగలాడాయి, గోల్స్ మాత్రం పడుతూనే ఉన్నాయి. ఇక లాభం లేదని ఆ నెలలోనే వాణ్ని తీసేసి వేరే కుర్రాణ్ని పెట్టాలనుకున్నారు.

నర్సింలుకు అది ఆట ఒక్కటే కాదు. ఆ సంగతి నాకు వాళ్లింట్లో తెలిసింది. వాడి అన్న సవారన్న మగ్గం మీదే ఉండి మాట్లాడాడు. గద్వాల చీరకు అంచు పోగు పట్టు, చీర ఒంట్లో పోగు నూలు. రెండూ కలిసే చోట రెండో మనిషి చేయి ఉండాలి. తమ్ముడు గ్రౌండుకు పోతే ఆ చేయి లేనట్టే.

"ఈ యేడు వరకె మేడం" అన్నాడు సవారన్న. "వీడు లేనప్పుడు నా పెండ్లాం కూసుంటుంది. సంకల పసిపోరడు ఉన్నడు, ఆమెకు అయితలేదు. జిల్లా జట్టుల ఆడి కాయిదం తెచ్చుకుంటె డ్రిల్ సార్ ట్రైనింగుకు పోతడు. లేకుంటె అంచు కాడ కూసుంటడు. నేను మాట మీదనె ఉంట."

నర్సింలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "మగ్గం చెడ్డదని కాదు మేడం" అన్నాడు నెమ్మదిగా. "నాకు బంతి మంచిగ అనిపిస్తది, అంతె."

వాడికి ఆ కాగితం దొరకాలంటే జిల్లా జట్టులోకి రావాలి. జిల్లా జట్టులోకి రావాలంటే ముందు మా జట్టులో ఉండాలి. అక్కడే వాడి పేరు కొట్టేయబోతున్నారు.

మర్నాడు క్లాసులో నల్లబల్ల మీద పిల్లల చేత రెండు వరసలు గీయించాను. మన ఊళ్లో ఆడినప్పుడు చివర్లో పడినవి ఒక వైపు, బయట ఊళ్లో పడినవి ఒక వైపు. గద్వాల వరస దాదాపు ఖాళీగా ఉంది. బయట ఊళ్ల వరస నిండిపోయింది.

"అవే కాళ్లు, అదే గుంత" అన్నాను. "గద్వాలలో పట్టుకుపోని కాళ్లు వనపర్తికి పోతే ఎందుకు పట్టుకుపోతాయి?"

అనంతయ్య సారు కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు. "ప్రయాణం మేడం. బస్సుల ఒళ్లు హూనం అయితది" అన్నారు. కొట్టిపారేసే మాట కాదది. అయితే ఇంకో చిక్కుంది. వనపర్తి వాళ్లు మా ఊరికి వచ్చినప్పుడు వాళ్లూ చివర్లోనే కూలిపోతున్నారు. వాళ్ల గోల్‌కీపర్ తండ్రికి కిరాణా కొట్టు. ఆ అబ్బాయి గుంతలో కాలు పెట్టిన పాపాన పోలేదు. అంటే మగ్గం నిర్దోషి అని తేలింది. ఇక తేలాల్సింది బస్సు సంగతి.

బంతిని చూడకుండా

ఆ శనివారం నేనూ జట్టుతో వనపర్తి పోయాను. ఆడ లెక్చరర్ ఫుట్‌బాల్ చూడ్డానికి వచ్చిందని వాళ్లు గౌరవంగా ఒక కుర్చీ తెచ్చి, ఎండలో వేశారు. నేను బంతిని చూడలేదు. చూసినా అర్థం కాదు కాబట్టి అదేమంత త్యాగం కాదు. మనుషుల్ని చూశాను.

గ్రౌండు పక్కనే రోడ్డు, రోడ్డు చివర బస్టాండు. గద్వాలకు ఆఖరి బస్సు ఆరింటికి. బీచుపల్లి వంతెన దాటి పోయే ఆ బస్సు తప్పితే మళ్లీ తెల్లారేదాకా ఇంకోటి లేదు. ఆ రోజు బస్సు ఎందుకో ఆలస్యమైంది. మావాళ్లు దిట్టంగా ఆడుతున్నారు, ఎవరి కాళ్లూ పట్టుకుపోలేదు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు జనాన్ని పిలవడానికి హారన్ మీద చెయ్యి వేశాడు.

హారన్ వినగానే, గోల్ ముందు కాపలా కాసే మా బ్యాకులిద్దరి తలలూ రోడ్డు వైపు తిరిగాయి. కుడి వైపు ఆడేవాడు మెల్లగా గీత దగ్గరికి జరిగాడు, వాడి సంచి అక్కడుంది. ఎడమ వైపు వాడు ఆడుతూనే చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వెనకాల నర్సింలు ఒక్కడే మిగిలాడు. వనపర్తి కుర్రాళ్లు ముగ్గురు బంతితో వాడి మీదికి వచ్చారు. గోల్ పడింది. "గుంతల కాళ్లు" అన్నారు నా పక్కనున్న అనంతయ్య సారు. అప్పటికే ఆయన చంకలో గొడుగు, చేతిలో టిఫిన్ క్యారియరు, కాలికి చెప్పులు ఉన్నాయి.

రెఫరీ సంగతి కూడా చెప్పాలి. ఆయన వనపర్తి మనిషే, మంచివాడు, ఇల్లు గ్రౌండు వెనకే. బంతి ముళ్లకంపలో పడినప్పుడు పోయిన సమయాన్ని ఆట చివర కలిపేవాడు. వనపర్తి వెనకబడి ఉంటే ముళ్లకంప చాలా దట్టంగా ఉండేది. ముందుంటే అంత దట్టంగా ఉండేది కాదు. దీన్ని మోసం అనను. ఇంట్లో చాయ్ పొయ్యి మీద ఉన్న మనిషికి మరో పది నిమిషాలు ఆడించడం బరువు కాదు. బస్టాండులో పడుకోవాల్సిన మనిషికి ఆ పది నిమిషాలే కొండ. ఒకే గడియారం, ఒకే పది నిమిషాలు, ఇద్దరికీ ఖరీదు వేరు. మూడేళ్లు డిగ్రీ పిల్లలకు నేను చెప్పే ఎకనామిక్స్ మొత్తం ఇంతే.

ఒక్క రోజు చూసి సిద్ధాంతం చెప్పకూడదని నేనే క్లాసులో చెప్పేదాన్ని. అందుకని మరికొన్ని శనివారాలు పోయి అదే ఎండలో అదే కుర్చీలో కూర్చున్నాను. నల్లబడ్డానని మా అత్తగారు పరేషానయ్యారు. హారన్ కొట్టాక మావాళ్లు మావాళ్లు కాకుండా పోవడం మాత్రం మారలేదు.

లారీ

జిల్లా జట్టు ఎంపికకు వనపర్తిలో మాకూ వాళ్లకూ మ్యాచ్ పెట్టారు. మహబూబ్‌నగర్ నుంచి సెలెక్టర్ వస్తాడు. నర్సింలు వద్దని ప్రిన్సిపాల్ గారు అప్పటికే మనసులో అనేసుకున్నారు.

"ఎకనామిక్సుతోని గోల్ ఆగుతదామ్మా?" అన్నారు.

"ఈ ఒక్కసారి చూడండి సార్. పడితే నన్ను కూడా నిలబెట్టి తిట్టండి" అన్నాను. ఆ అవకాశం ఆయనకు నచ్చింది. ఒప్పుకున్నారు.

ఆట గంట ముందు మొదలుపెట్టమని వనపర్తి వాళ్లను అడిగాను. ఎండ అన్నారు. బస్సు కాసేపు ఆపమని డ్రైవరును అడిగాను. "నా నౌకరి ఎవలు ఆపుతరమ్మా?" అన్నాడు. ఇక బస్సుతో పని లేకుండా చేయడం ఒక్కటే మిగిలింది. వనపర్తి మార్కెట్ యార్డులో మా మేనమామ దలాలీ చేసేవాడు. అక్కడి నుంచి గద్వాల నూనె మిల్లుకు పల్లీకాయ లారీ చీకటి పడ్డాక బయల్దేరుతుంది.

"పోరగాండ్లను బస్తాల మీద ఎక్కియ్యాల్నా?" అన్నాడు మామ. "గద్వాల చేరేసరికి బస్తాలు తేలికైతయి గదనే బిడ్డా."

"గెలిస్తే కొంచెమే తింటారు మామా."

"ఓడితె?"

"ఓడితే తిండి మీద ధ్యాస ఉంటదా?"

మామ నవ్వి సరేనన్నాడు. మ్యాచ్‌కు ముందు కుర్రాళ్లందరినీ కూర్చోబెట్టి లారీ సంగతి చెప్పాను. ఇంటికి చేర్చే పూచీ నాదని, ఆ బస్సు ఈ రోజు మనది కాదని చెప్పాను. కుడి బ్యాకు నమ్మలేదు. మార్కెట్ యార్డు దాకా పోయి లారీని చేత్తో తట్టి చూసి వచ్చాడు.

మొదటి సగంలో మావాళ్లు ఒక గోల్ కొట్టారు. సెలెక్టర్లు మామూలుగా వచ్చినట్టే, ఆయన సగం ఆట అయ్యాక చాయ్ తాగి వచ్చాడు. చివరి పావుగంట మొదలైంది. బస్సు వచ్చింది. హారన్ మోగింది. గ్రౌండులో ఒక్క తలా తిరగలేదు. తిరిగింది అనంతయ్య సారు తల ఒక్కటే. పాపం, అలవాటు కొద్దీ గొడుగు తీసుకుని నాలుగు అడుగులు వేసి, యాదికొచ్చి, మీసం తుడుచుకుంటూ వెనక్కి వచ్చారు.

ముళ్లకంప ఆ రోజు ఎన్నడూ లేనంత దట్టంగా ఉంది. ఎంతసేపు ఆడించినా మా బ్యాకులు ఒక్కణ్ని కూడా లోపలికి రానివ్వలేదు. ఆట అయిపోయింది, గెలిచాం. కుర్రాళ్లు అనంతయ్య సారును ఎత్తుకున్నారు, గొడుగుతో సహా.

పట్టని బంతులు

అప్పుడు తెలిసింది నేను చేసిన పని ఏమిటో. బ్యాకులు అంత గట్టిగా నిలబడేసరికి సెలెక్టర్ చూసిన ఆటంతటిలో నర్సింలు దగ్గరికి బంతే రాలేదు. వాడు ఖాళీగా నిలబడ్డాడు.

"గోలీ పిలగాడు మంచిగనె ఉన్నడు మేడం" అన్నాడు సెలెక్టర్. "గని ఏం పట్టిండని రాయాలె? వనపర్తి గోలీ ఎన్ని బంతులకు దునికిండో సూసిండ్రా?"

"వాళ్ల బ్యాకులు వదిలేస్తే వాడు దూకాడు సార్. మా గోలీ వెనక నుంచి అరిచి బ్యాకుల్ని వాళ్ల చోట్లో నిలబెడుతున్నాడు. అందుకే దూకే పని పడలేదు."

"పని పడనోన్ని ఎట్ల సెలెక్టు జేస్తరు?"

బస్సు, హారన్, గద్వాల వరస, బయట ఊళ్ల వరస, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన చెవి గోక్కుంటూ విన్నాడు. "మీరు ఎకనామిక్స్ చెప్తరా, మంత్రాలు చెప్తరా?" అని అడిగి, పెన్ను తీసి, "రిజర్వుల రాస్త. మళ్ల నన్ను యాష్ట పెట్టొద్దు" అన్నాడు.

రిజర్వు అంటే బెంచీ మీద కూర్చునేవాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాణ్ని నిలబెడదామని వచ్చి కూర్చోబెట్టాను. పల్లీ బస్తాల మీదికి ఎక్కుతూ నర్సింలే నన్ను ఓదార్చాడు.

"ఫికర్ జేయకుండ్రి మేడం. కూసునుడు నాకు అలవాటె."

జిల్లా జట్టు ఆ ఏడు ఆడిన ఏ ఆటలోనూ వాడు గ్రౌండులోకి దిగలేదు. అయితే బెంచీ మీద కూర్చున్నవాడికీ ఆడినవాడికీ ఇచ్చే కాగితం ఒకటే. ఎన్ని బంతులు పట్టాడన్న సంగతి అందులో ఉండదు. సవారన్న ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి చీర అంచు చూసినట్టు చూసి, తమ్ముణ్ని ట్రైనింగుకు పంపాడు. మాట మీదనే ఉన్నాడు. ఆ ఏడాదంతా అంచు దగ్గర ఆయన భార్య కూర్చుంది. ఈ కథలో ఎవరికైనా కప్పు ఇవ్వాలంటే ఆమెకు ఇవ్వాలి.

మీ బస్సు ఎన్నింటికి

తొంభైలలో నేను వనపర్తికి బదిలీ అయ్యాను. ఒకసారి కాలేజీ పిల్లలతో క్యాంపుకు ఖిల్లా ఘణపూర్ పోతే, గుట్ట కింద బడి గ్రౌండులో ఫుట్‌బాల్ మ్యాచ్ జరగబోతోంది. ఉప్పునుంతల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిల్లలు ఒక వైపు, ఊరి బడి పిల్లలు ఒక వైపు. రెఫరీ ఆ బడి డ్రిల్ సారే. ఈల మెడలో వేసుకుని, కాస్త పొట్టతో నర్సింలు.

నన్ను చూసి పరుగున వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. "నా నౌకరి నేను పట్టని బంతుల పున్నెం మేడం" అని నవ్వాడు. తర్వాత ఉప్పునుంతల పిల్లల దగ్గరికి పోయాడు. వాళ్లను పేర్లు అడగలేదు, ఏ క్లాసని అడగలేదు.

"మీ ఆఖరి బస్సు ఎన్నింటికిరా?" అని అడిగాడు.

వాళ్లు చెప్పారు. నర్సింలు గడియారం చూసుకున్నాడు. మైకు ముందు ఉపన్యాసం కోసం నిలబడి ఉన్న హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకునే లోపలే ఈల ఊది ఆట మొదలుపెట్టాడు. బంతి రెండుసార్లు కంపలో పడింది. రెండుసార్లూ గడియారం ఆపి, పోయినంతే కలిపాడు, రవ్వంత ఎక్కువ కాదు. ఉప్పునుంతల పిల్లలు చివరిదాకా ఒక్కసారి కూడా రోడ్డు వైపు చూడలేదు. వాళ్లే గెలిచి, తీరిగ్గా నీళ్లు తాగి, బస్సెక్కి పోయారు.

హెడ్మాస్టరు గారు ఉపన్యాసం కాగితం మడతపెట్టుకుంటూ వచ్చారు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. "ఏందయ్యా నర్సింలూ, మన గ్రౌండు మీద మనం ఎన్నడన్న ఓడినమా? సొంత పిల్లలను ఓడగొడితివి గదా" అన్నారు.

"నేనేం ఓడగొట్టలె సార్" అన్నాడు నర్సింలు, ఈల జేబులో వేసుకుంటూ. "ఇన్నొద్దులు మనల్ని బస్సు గెలిపిస్తుండె."